దింపని మేనా

చిలకలగూడలో ఆ గల్లీకి గడియారం అక్కర్లేదు. పీర్ మహమ్మద్ దూది ఏకే విల్లు ఠంగుమని మోగిందంటే పొద్దెక్కినట్టు, ఆగిందంటే అన్నం వేళయినట్టు. ఆ విల్లు తీగ మీంచి లేచిన దూది పింజలు గడప దాటి, ఎండలో అటూ ఇటూ తేలి, ఎవరి కొప్పులోనో ఎవరి కూరగిన్నెలోనో వాలేవి.

"ఓ ఖుర్షీదా! నీ మొగడు మా చారుల సుత పరుపు కుడుతుండే!" అని ఎదురింటి శ్యామలమ్మ రోజూ తిట్టేది. తిట్టకపోతే ఆవిడకు తిన్నది అరిగేది కాదు.

ఖుర్షీదా, పీర్ మహమ్మద్ దూదేకులవాళ్లు. పేర్లు సాయిబులవి, ఇంట్లో మాట తెలుగు. అతను ఏకుతాడు, ఆమె పరుపులు కుడుతుంది. సూదీ దారం పట్టుకుని కూర్చుంటే చేయి చేసుకుపోయేది చేసుకుపోతుంది, మనసు మాత్రం ఆ తెల్లటి పింజల వెంట తేలిపోయేది. ఆ తెల్లదనంలో ఆమెకు పెద్దకూతురు మహమూదా కనబడేది. ఒకోసారి నవ్వుతూ, ఒకోసారి తల దువ్వుకుంటూ. చచ్చిపోయిన పిల్ల అలా కళ్లముందు మెసులుతుంటే పిచ్చి పట్టిందనుకోవాలా? ఖుర్షీదా అలా అనుకోలేదు. బిడ్డ వచ్చిందనుకునేది. వచ్చినంతసేపూ విల్లు ఆపొద్దని మొగుడికి సైగ చేసేది.

మహమూదా తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చి, అక్కడే పోయింది. నొప్పులు మొదలై, ఆగి, మళ్లీ మొదలై, పిల్ల అడ్డం తిరిగింది. దవాఖాన రాంగోపాల్‌పేట అవతల ఉంది. పీర్ మహమ్మద్ స్టేషన్ దగ్గర జట్కావాళ్లందరి కాళ్లూ పట్టుకున్నాడు. "దారిల పురుడైతే బండికి మైల, మల్ల సవారీ ఎవరెక్కుతరు?" అన్నాడొకడు. "గుంతల రోడ్డు, నా బండ్ల సస్తే నాకు బద్నాం" అన్నాడు ఇంకొకడు. బొల్లారం కంటోన్మెంటు దొరసానులకు నొప్పులొస్తే గడప ముందుకు మోటారు వచ్చి నిలబడేది. దేవుడు నొప్పి మాత్రం ఆడవాళ్లందరికీ ఒకేలా పంచి, బండి మాత్రం బొల్లారానికే ఇచ్చాడు. మహమూదా తన పెళ్లిమంచం మీదే, కాళ్లకు రంగులేసిన ఆ రంగుకోళ్ల మంచం మీదే, తల్లి చేయి పట్టుకుని కళ్లు మూసింది.

తర్వాత కొన్నాళ్లకు దవాఖానలో పనిచేసే ఆలిస్ నర్సమ్మ పరుపు కుట్టించుకోవడానికి వచ్చింది. సంగతి విని, "జెర ముందుగాల తెచ్చుంటే బతికేదమ్మా" అంది.

ఖుర్షీదాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏంట్ల తేవాలె? నా కొంగుల మూటగట్టి తేవాల్నా?"

ఆలిస్ పరుపు కొలతలు చెప్పకుండానే లేచి వెళ్లిపోయింది.

ఆ రాత్రి ఖుర్షీదాకు కల వచ్చింది. గల్లీ నిండా దూది మోకాళ్లలోతు పరుచుకుంది. దాని మీద రంగుకోళ్ల మంచం పడవలా తేలిపోతోంది. మంచం మీద మహమూదా కూర్చుని ఉంది. ఒక్క కుదుపు లేదు. "మెత్తగున్నదమ్మా" అంది బిడ్డ.

తెల్లారగానే ఖుర్షీదా ఆ మంచాన్ని ఈడ్చుకుంటూ వడ్రంగి బ్రహ్మచారి ఇంటికి పోయింది.

"తమ్మీ, దీనికి నాలుగు కాళ్లు చాలయి. నడవాలె."

"మంచం నడుస్తదా అక్కా?" బ్రహ్మచారి ఉలి పక్కన పెట్టి ఆమె మొహంలోకి చూశాడు, పొద్దున్నే ఈమెకు ఏమైందా అని.

"నువ్వొకడివి, స్టేషన్ హమాలీ పర్వతాలొకడు, పట్టాల కాడ పనిచేసే జీవరాజొకడు, మా ఇంటాయన ఒకడు. ఎనిమిది కాళ్లయినయి. ఎందుకు నడవది?"

బ్రహ్మచారికి నవ్వొచ్చింది. కానీ ఆ మంచం ఎవరిదో అతనికి తెలుసు. దాని కోళ్లకు రంగు వేసింది అతనే. వెదురుబొంగులు వంచాడు, పైకప్పు కట్టి చుట్టూ పరదా వేలాడదీశాడు, మోయడానికి రెండు దండెలు బిగించాడు. పెళ్లిళ్లలో ఊరేగే పల్లకీలాంటి మేనా తయారైంది. పరుపుకు గల్లీలో ప్రతి ఇంటి నుంచీ గుప్పెడు దూది వచ్చింది. దాంతోపాటే పేచీ కూడా వచ్చింది. "ఎవరెవరో పండుకున్న పరుపు మీద మేమెట్ల పండుకుంటం?" అన్నారు ఆడవాళ్లు.

"పురుడు పురుడుకు పరుపు విప్పుతా. ఉతికి, ఎండకేసి, మల్ల ఏకుతా. ఏకినంక దూదికి కులమేడుంటదే? ఉంటే వెతికి తీసుకపోండ్రి" అంది ఖుర్షీదా.

ఆ పేచీ తీరిందిగానీ అసలు పేచీ శ్యామలమ్మ పెట్టింది. వాకిట్లో నిలబడి మేనాను ఎగాదిగా చూసి, "పాణమున్న మనిషిని నలుగురి భుజాల మీద ఎక్కిస్తరా? అపశకునమే!" అంది. ఖుర్షీదా విననట్టే సూదిలో దారం ఎక్కించుకుంది.

మొట్టమొదట మేనా ఎక్కింది పర్వతాలు పెళ్లాం పుష్పమ్మ. నలుగురూ మేనా ఎత్తారు. దారి పొడుగునా ఎవరూ మాట్లాడలేదు. బరువు మోసేవాడికి మాటలెందుకు వస్తాయి? మూలమలుపు దగ్గర కొంచెం ఊపిరి తీసుకుందామని మేనా దింపారు. ఆ మలుపు ఎలాంటిదో మగవాళ్లు ఒక్కరూ ఆలోచించలేదు. ఆ బస్తీ పాడెలన్నీ దింపేది అక్కడే. పాడెను అక్కడ దింపి, పోయినవాళ్ల చెవిలో ముమ్మారు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా కొసన ఆగి ఉంటే పలుకుతుందేమోనని ఆశ. దింపుడు కళ్లం అంటారు దాన్ని. పాడెలు మోసి మోసి అలవాటైన భుజాలు కదా, వాటంతటవే అక్కడ వంగాయి. అది చాలదన్నట్టు బ్రహ్మచారి, పాపం మంచికే, మేనాలోకి తల దూర్చి "పుష్పమ్మా! పుష్పమ్మా!" అన్నాడు, ఎలా ఉందో కనుక్కుందామని.

మూడోసారి పిలవనిచ్చిందా! "నేనింక సావలేదురో!" అని పెడబొబ్బ పెట్టి పుష్పమ్మ మేనాలోంచి దూకింది. కడుపు చేత్తో పట్టుకుని వచ్చిన దారినే పరుగు. ఆమె వెనక ఖుర్షీదా, ఖుర్షీదా వెనక ఖాళీ మేనాతో నలుగురు మగవాళ్లు. గాజుల దుకాణం అరుగు మీద పుష్పమ్మ ప్రసవించింది. దేవుడి దయవల్ల తల్లీ పిల్లా దక్కారు. గల్లీ వారం రోజులు పడీపడీ నవ్వింది. బ్రహ్మచారి కనబడితే చాలు, ఆడవాళ్లు చెవులు మూసుకునేవాళ్లు. జన్మలో మళ్లీ ఎవర్నీ పేరు పెట్టి పిలవనని అతను ఒట్టేసుకున్నాడు.

నవ్వయితే నవ్వారుగానీ ఆ తర్వాత ఒక్కరూ మేనా ఎక్కలేదు. పక్క గల్లీలో ఒక చిన్నది నొప్పులు పడీపడీ ఇంట్లోనే పోయింది. ఆ రోజు ఖుర్షీదా మేనా ముందు కూలబడి మహమూదా పోయిన నాడు ఏడ్చినట్టే ఏడ్చింది. శ్యామలమ్మ తన గడపలోంచి చాలాసేపు చూసింది. చూసి చూసి లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"ఏడ్వకే. పెండ్లిపిల్ల సుత నలుగురి భుజాల మీదనే పోతది. ఎందుకు భయపడదు? పాట ఉంటది గనక. దీనికి సుత పాట పెడుదం. దారిల మాత్రం దింపొద్దు. భుజాలిరిగినా దింపొద్దు."

పాట కూడా ఆవిడే కట్టింది, తిట్లు కట్టే ఆ నోటితోనే.

*మెల్లంగ పో మేనా, మెత్తంగ పో మేనా*
*ఒక్కతె పోతది, ఇద్దరై వస్తది*

మేనా ఎవరి గడప ముందుకు వస్తే ఆ గడప పాట అందుకోవాలి. పక్క గడప అందుకునేదాకా ఆపకూడదు. అదీ కట్టుబాటు. ఇంకేముంది, మేనాకు కాళ్లొచ్చాయి. పాట చిలకలగూడ దాటి రాంగోపాల్‌పేట గల్లీలకు కూడా పాకింది. శుక్రవారం శుక్రవారం ఆలిస్ నర్సమ్మ వచ్చి ఆ మేనా పరుపు మీదే చూలింతలను పడుకోబెట్టి కడుపు పట్టి చూసేది. తొలినొప్పికే బయల్దేరమని చెప్పేది. వెళ్లిన ఆడవాళ్లు ఒడిలో పిల్లల్ని పెట్టుకుని తిరిగి వచ్చేవాళ్లు. ఖుర్షీదా పరుపు విప్పి దూది కొత్తగా ఏకించేది. పింజల్లో మహమూదా తల దువ్వుకుంటూ కనబడేది.

అంతలో ఆ భాద్రపదం వచ్చింది. ఏడాదిగా ఊళ్లలోంచి రకరకాల మాటలు మోసుకొస్తూ ఉన్న గాలి ఒక్కసారిగా స్తంభించిపోయింది. రజాకార్ల భయానికి ఇల్లు విడిచిపోయినవాళ్లు కొందరు, ఇప్పుడు ఫౌజు భయానికి విడిచిపోయినవాళ్లు కొందరు. నిజాం లొంగిపోయాడన్నారు. రోడ్ల మీద ఇండియా సిపాయిలు నిలబడ్డారు. కర్ఫ్యూ పెట్టారు. గల్లీలో తలుపులన్నీ మూసుకున్నాయి. ఎవరు ఎవర్ని ఏమనుకుంటున్నారో ఎవరికీ తెలియని రోజులు. పీర్ మహమ్మద్ విల్లును గోడకు తగిలించేశాడు. చప్పుడు చేయడానికి కూడా జంకు. ఆ నిశ్శబ్దంలో ఇల్లు నీళ్లలో మునిగినట్టుండేది. పింజలు లేవు, మహమూదా లేదు.

ఆ ఇంట్లోనే చిన్నకూతురు బానో నిండుచూలాలు. తొలి కాన్పు. అల్లుడు నబీ పనిమీద కాజీపేట పోయి, రైళ్లు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకున్నాడు.

మధ్యాహ్నం బానోకు నొప్పులు మొదలయ్యాయి. పీర్ మహమ్మద్ లేచాడు. "పర్వతాలును పిలుస్త."

"పిలవకు" అంది ఖుర్షీదా.

"ఏందే, దిమాక్ పోయిందా?"

"రాకపోతే? ఈ దినాలల్ల సాయిబుల పిల్లను ఎవరు మోస్తరు? పిలిస్తే రానంటడు. అన్నంక ఈ గల్లీల నేనెట్ల బతకాలె? అడగకుంటె జెర ఆశన్న ఉంటది."

చూశారా మనిషి ఎంత మొండిదో! ఎందరినో మేనా ఎక్కించి, తొలినొప్పికే బయల్దేరండే అని అందరి మీదా అరిచిన ఖుర్షీదా, తన బిడ్డ దగ్గరికొచ్చేసరికి తలుపు గడియ కూడా తీయలేదు. గల్లీ తనకు కాకుండా పోయిందని తెలుసుకోవడం కన్నా తెలియకుండా ఉండటమే నయమనుకుంది. ఎండ గోడ మీద జరిగిపోతూ ఉంది. బానో మూలుగు మారింది. ఆ మూలుగు ఖుర్షీదా ఎరుగును. ముందొకసారి విన్నదే. పెదాలు తెల్లబడుతున్నాయి.

కిటికీ సందులోంచి వచ్చిన ఎండచారలో, ఎక్కడి నుంచి వచ్చిందో, ఒక్క పింజ తేలుతోంది. ఖుర్షీదా దాన్నే చూస్తూ ఉండిపోయింది. అందులో మహమూదా ఉంది. ఈసారి నవ్వడం లేదు.

"అమ్మా, అప్పుడు నాకు బండి రాలేదు. ఇప్పుడేం రాలేదు? నీకు నోరు రాలేదా?"

ఖుర్షీదా దిగ్గున లేచింది. గోడ మీది విల్లు తీసింది. ఆమెకు ఏకడం సరిగా రాదు. అయినా చెక్కగుండు పట్టుకుని తీగ మీద శక్తికొద్దీ కొట్టింది. ఠంగ్! మళ్లీ ఠంగ్! అన్నాళ్ల నిశ్శబ్దంలో అది గల్లీ ఈ కొస నుంచి ఆ కొసదాకా మోగింది.

ఎదురింటి తలుపు వెనక నుంచి గొంతు లేచింది. "ఏందే ఖుర్షీదా, కర్ఫ్యూల పరుపు కుడుతున్నవా?"

"బానోకు నొప్పులొదినా! పొద్దున్నుంచి!" అబద్ధం కాదు, ఆమెకు అది పొద్దుటి నుంచీ అన్నట్టే ఉంది.

"పొద్దున్నుంచా? పొద్దున్నుంచి నోట్ల ఏం పెట్టుకున్నవే?" శ్యామలమ్మ ఇంకా తిడుతూనే ఉంది, ఇంతలో పెరటిగోడ దూకి బ్రహ్మచారి వచ్చాడు. వెనకే పర్వతాలు, అతని వెనక జీవరాజు.

"పిలవకుంట కూసున్నవా అక్కా? మమ్ముల ఏమనుకున్నవు?" అన్నాడు పర్వతాలు. అతని గొంతులో కోపమే ఉంది. ఖుర్షీదా తల ఎత్తలేకపోయింది.

పొద్దు గూకే వేళకు మేనా లేచింది. సన్నటి తుంపర. ముందు ఖుర్షీదా లాంతరు పట్టుకుని నడుస్తోంది. మేనా లేచింది ఆమె గడప నుంచే గనక పాట ఎత్తాల్సింది ఆమే. ఎత్తబోతే గొంతులో దూది కుక్కినట్టయింది. గల్లీలో ఒక్క తలుపూ తెరిచి లేదు. తడిసిన నేల మీద నలుగురి అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

మేనాలోంచి సన్నగా వినబడింది. "అమ్మా... పాట లేదేంది? నేను సచ్చిననా?"

ఖుర్షీదా లాంతరు మేనా వైపు తిప్పింది. అప్పుడు మూసిన తలుపు వెనక నుంచి, చీకటింట్లో నుంచి, శ్యామలమ్మ గొంతు లేచింది.

*మెల్లంగ పో మేనా...*

పక్క ఇంటి తలుపు అందుకుంది. దాని పక్కది అందుకుంది. తెరుచుకున్న తలుపు ఒక్కటీ లేదు, మూగగా ఉన్న తలుపులు కొన్ని ఉన్నాయి, కానీ పాట తెగలేదు. పుష్పమ్మ గొంతు, ఎవరో ముసలమ్మ గొంతు, పేరు తెలియని కోడలి గొంతు. మనుషులు కనబడకుండా పాట ఒక్కటే మేనా పక్కన నడుస్తున్నట్టుంది. ఖుర్షీదాకు తాను నేల మీద ఉన్నానో, ఆనాటి కలలో ఉన్నానో తెలియలేదు. లాంతరు వెలుగులో తుంపర తెల్లగా, పింజలు రాలినట్టు రాలుతోంది.

రైలుకట్ట దగ్గర ఇళ్లు ఆగిపోయాయి. పాట ఆగిపోయింది. అక్కడ సిపాయి నిలబడి ఉన్నాడు.

"కౌన్ హై? నీచే రఖో!"

నలుగురూ ఆగారు. మేనా మాత్రం భుజాల మీదే ఉంది.

"నీచే రఖో, సునా నహీ?" తుపాకీ కొంచెం లేచింది.

"దింపం సాబ్" అన్నాడు పర్వతాలు. తనకొచ్చిన ఉర్దూ కూడా మరిచిపోయి తెలుగులోనే అన్నాడు. "సంపినా దింపం."

వెనక దండె కింద ఉన్నది పీర్ మహమ్మద్. ముసలి ఒళ్లు. అయినా అతనూ వంగలేదు. ఖుర్షీదా సిపాయి ముందుకు పోయి లాంతరు ఎత్తి పట్టింది. పరాయి మగవాడికి ఏనాడూ బిడ్డ మొహం చూపని మనిషి, తన చేత్తో తానే మేనా పరదా తొలగించింది. "బేటీ హై మేరీ. జచ్గీ హై" అంది, నా బిడ్డ, పురిటినొప్పులు అని.

సిపాయి లోపలికి చూశాడు. పిల్లవాడే, ఇంకా మీసం సరిగా రాలేదు. చప్పున తల తిప్పుకున్నాడు. "జావ్ మా, జల్దీ జావ్" అన్నాడు.

నడిచారు. కానీ మేనాలోంచి మూలుగు వినబడటం లేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు. రాంగోపాల్‌పేట గల్లీల్లో మళ్లీ తలుపుల వెనక నుంచి పాట వచ్చింది. ఖుర్షీదా దాన్ని వినలేదు. పాట వెనక ఒక్క మూలుగు కోసం చెవులు రిక్కించింది. పరదా ఎత్తి చూడటానికి చేయి రాలేదు.

దవాఖాన అరుగు మీద మేనా దింపారు. ఆలిస్ నర్సమ్మ లోపలి నుంచి పరుగున వస్తోంది. నలుగురు మగవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోపల చప్పుడు లేదు. బానో కళ్లు మూసి ఉన్నాయి.

బ్రహ్మచారి వంగాడు. జన్మలో ఎవర్నీ పేరు పెట్టి పిలవనన్నవాడు, మేనాలోకి తల పెట్టాడు. ఎవరూ నవ్వలేదు.

"బానో!"

తుంపర చప్పుడు.

"బానో!"

ఖుర్షీదా అరుగు స్తంభాన్ని కౌగిలించుకుంది. అల్లా, మహమూదాను తీసుకున్నావు, ఇక చాలు, అనుకుంది.

"బానో! నీ మామను బిడ్డా!"

రెప్పలు కదిలాయి. పెదాలు విడివడ్డాయి. "ఎందుకొర్రుతున్నవు మామా... చెవులు పగులుతున్నయి."

పాతికేళ్లుగా ఉలి పట్టిన బ్రహ్మచారి, అక్కడే మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తెల్లవారి కర్ఫ్యూ సడలించాక ఖాళీ మేనా గల్లీలోకి తిరిగి వచ్చింది. ముందు ఖుర్షీదా నడుస్తోంది. తలుపులు మూసే ఉన్నాయి. ఖాళీ మేనా వెళ్లిపోతుంటే లోపలి నుంచి ఎవరూ పాడలేదు, పిలవలేదు, దగ్గలేదు. అందరూ తలుపుల వెనకే నిలబడి ఉన్నారని ఖుర్షీదాకు తెలుసు. చివరికి ఎదురింటి తలుపు వెనక నుంచి, ఎప్పుడూ లేనంత మెల్లగా శ్యామలమ్మ అడిగింది.

"ఖుర్షీదా... ఎందరే?"

రాత్రంతా మూతబడిన గొంతు అప్పుడు తెరుచుకుంది. "ఇద్దరొదినా! ఇద్దరు!"

గడియ తీసిన చప్పుడు. ఒకటి, దాని వెనక ఇంకొకటి, గల్లీ పొడుగునా. ముందుగా తెరుచుకున్న తలుపులో శ్యామలమ్మ నిలబడి ఉంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది, ఖుర్షీదాను మాత్రం దగ్గరికి తీసుకోలేదు. ఆమె భుజం మీదుగా పీర్ మహమ్మద్‌ను చూసి గొంతు పెంచింది.

"ఇంక నిలబడ్డవేందయ్యా? పో, పోయి ఏకు. నా చారుల దూది పడక ఎన్ని దినాలాయె!"